చెరిపేసిన ట్రాకు

2023 ఆగస్టు. రెడ్డియార్‌పాళయంలో ఒక హార్డ్‌వేర్ దుకాణం మీద, మేడపై నా రికార్డింగ్ స్టూడియో. కింద ఇనప పైపులు కోస్తున్నంతసేపూ పైన నేను మైకు ఆపుకుని కూర్చోవాలి. యానాం నుంచి పెళ్ళయి వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక సౌండ్ ఇంజనీరింగ్ నేర్చుకున్నదాన్ని. ఇరవై ఏళ్ళ పైగా నా దగ్గరికి వచ్చినవన్నీ అమ్మవారి పాటలు, ఎన్నికల ప్రచారాలు, చీరల కొట్ల ప్రకటనలు. అలాంటి నా నెత్తిన ఆ ఏడాది ఒక మెలోడిక్ డెత్ మెటల్ ఆల్బమ్ వచ్చి పడింది.

తెచ్చినవాడు గిరి. కరెంటు ఆఫీసులో జూనియర్ ఇంజనీరు, ముప్ఫై ఏళ్ళుంటాయి, గిటార్ వాయిస్తాడు. డెత్ మెటల్ అంటే పొట్టలోంచి గరగరమని అరుస్తూ పాడేది. ఆ అరుపును గ్రౌల్ అంటారు. మెలోడిక్ అన్నారంటే వెనకాల గిటార్లు మాత్రం చక్కటి రాగం పలుకుతాయన్నమాట. పోనీ అంతటితో ఆగాడా? అందులో పవర్ మెటల్ కూడా కలపాలన్నాడు. అది యుద్ధానికి పోతున్నట్టు పైస్థాయిలో, స్వచ్ఛమైన గొంతుతో పాడేది. చరణం గ్రౌల్, పల్లవి పైస్థాయి. ఆరు పాటలు, ఆరూ తుఫాను మీదే, తెలుగులో.

గ్రౌల్ చేసేది మీనా. కదిర్కామంలో ఒక ల్యాబులో టెక్నీషియన్. నమస్తే కూడా వినీ వినపడకుండా చెప్పే పిల్ల. ఆ పిల్ల మైకు ముందు నిలబడి మొదటి లైను అందుకోగానే కింద దుకాణాయన పైపు కోత ఆపేసి పైకి వచ్చి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగి వెళ్ళాడు. నిజం చెప్పాలంటే మీనాతో నాకు ఏ ఇబ్బందీ లేదు. రెండు టేకుల్లో ముగించి, గోరువెచ్చటి నీళ్ళు తాగి, డ్యూటీకి పోయేది. టేక్ అంటే ఒకసారి పాడి రికార్డు చేయడం.

నా ప్రాణం తీసింది గిరి. ఒకే గిటార్ లైనును నాలుగుసార్లు విడివిడిగా వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాలట, అప్పుడే గోడలాగా వినిపిస్తుందట. ఆ నాలుగింటిలో ఒక్కోదానికి ముప్ఫై టేకులు. బాగుందయ్యా అంటే, లేదక్కా, చివర తీగ మీద గోరు తగిలింది అంటాడు. ఆ గోరు నాకు వినపడదు, మీనాకు వినపడదు, దేవుడికి కూడా వినపడదు. నచ్చని టేకు తీసేద్దామంటే ఒప్పుకోడు, తర్వాత పనికొస్తుందేమో అంటాడు. నా కంప్యూటర్ డిస్కు రోజుకింత చొప్పున నిండిపోతూ వచ్చింది.

ఇక దేవరాజులన్న. ఎం. దేవరాజులు గిరికి మేనమామ, నీళ్ళ పంపింగ్ స్టేషన్లో ఆపరేటరు. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. నాకు ఆయన గిరి కంటే ఇరవై ఏళ్ళ ముందే తెలుసు, ఎందుకంటే ఆయన నా దగ్గర ట్రాకు పాడేవాడు. అదేమిటో చెప్పాలి. భక్తి పాటలకు పెద్ద సింగర్‌ను చెన్నై నుంచి పిలిపిస్తాం. వాళ్ళకు పాట నేర్పేంత టైము ఉండదు. అందుకని ముందే ఇంకొకరి చేత ఆ పాటంతా పాడించి ఉంచుతాం. పెద్ద సింగర్ దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ తన గొంతుతో పాడిపోతారు. ఆ పని అయిపోగానే ట్రాకు గొంతును తీసి పారేస్తాం. ట్రాకు పాడేవాళ్ళు సొంతంగా సంగతులూ గమకాలూ వేయకూడదు, భావం ఎక్కువ పెట్టకూడదు. దారి చూపించి పక్కకు తప్పుకోవాలి. దేవరాజులన్న ఆ పనికే పుట్టినట్టు ఉండేవాడు. ఎంత పైస్థాయి అయినా అందుకునేవాడు, ఒక్క టేకులో ముగించేవాడు, పైపు కోత మళ్ళీ మొదలయ్యేలోపు మెట్లు దిగిపోయేవాడు.

ఆయనకు మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగింది. ఆపరేషను గురువారం అని తేదీ వేశారు. గొంతును నడిపే నరం ఆ గడ్డను అంటుకునే ఉందనీ, మాట వస్తుంది కానీ పైస్థాయి మాత్రం మళ్ళీ వస్తుందని చెప్పలేననీ డాక్టరు అన్నాడట. ఇది ఆయనే నాతో చెప్పాడు, ఎవరి సంగతో చెబుతున్నంత తేలిగ్గా. ఆపరేషనుకు ముందే పల్లవులు పాడేసి పొమ్మని గిరి అన్నాడట. అందుకని రెండు వారాల ముందు వచ్చి, పాడే గది బూత్‌లోకి వెళ్తూ, "ఎప్పుడూ మాదిరి ట్రాకే గదా మా," అన్నాడు. గిరి బయట గిటార్ శ్రుతి చేసుకుంటున్నాడు. అవునన్నా అని నేను ఫోల్డరుకు 'ట్రాకు' అని పేరు పెట్టాను. ఆరు పాటలు రెండు గంటల్లో పాడేసి, పంపు డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు.

ఆపరేషను ఉన్న వారానికి ముందు శనివారం గిరి ముప్ఫై రెండో టేకులో ఉండగా డిస్కు నిండిందని కంప్యూటర్ మొరాయించింది. నాకు తిక్క పుట్టింది. అతని టేకుల మీద చెయ్యి వేస్తే గొడవ. మరేం తీయాలి? మీనా గ్రౌల్ మొత్తం అయిపోయింది, పల్లవుల రాగం ఎలాగూ గిటార్లలో ఉంది, వచ్చే సింగర్ అది విని పాడుకుంటాడు, ఇక ట్రాకుతో పనేముంది అనుకున్నాను. నా దగ్గరున్న ప్రాజెక్టులన్నిటిలో 'ట్రాకు' అని ఉన్న ఫోల్డర్లను ఒక్కసారిగా తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. డిస్కు ఊపిరి పీల్చుకుంది. గిరి ఇంకో ముప్ఫై టేకులు వాయించాడు.

సోమవారం పొద్దున గిరి, దేవరాజులన్న కలిసి వచ్చారు. కనకమ్మ వదిన కూడా వచ్చింది, ఆయన భార్య. అటునుంచి అటే ఆస్పత్రికి పోయి రక్త పరీక్ష చేయించుకోవాలని. మిక్సింగ్ మొదలుపెడదాం, మామ గొంతు పైకి తీయక్కా అన్నాడు గిరి. మిక్సింగ్ అంటే అన్ని గొంతులూ వాద్యాలూ తగిన పాళ్ళలో కలపడం. ట్రాకు తీసేశాను కదా, మీ సింగర్ ఎప్పుడొస్తాడు అన్నాను నేను.

"ఏ సింగరక్కా? మామనే గదా సింగరు."

ఇదేంటి, ట్రాకు అన్నారు కదా అని నేనంటే, నేనెప్పుడన్నాను అని గిరి. నువ్వనలేదు, మీ మామ అన్నాడు. నన్ను అడగాల్సింది కదా అని గిరి. గిటార్ పట్టుకుంటే నీకు చెవులు పనిచేస్తాయా అని నేను. అలా ఇద్దరం ఒకరి మీద ఒకరం విరుచుకుపడ్డాం. తీసేసిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, అది నడిపాను. ఖాళీ అయిన చోటంతా గిరి కొత్త గిటార్లు ఎక్కి కూర్చున్నాయి. దొరికినవి ముక్కలు, ఒక పల్లవిలో సగం లైను, ఇంకో దాంట్లో ఊపిరి చప్పుడు.

ఇంతసేపూ దేవరాజులన్న నా వైపు చూడనేలేదు. మేనల్లుడినే చూస్తున్నాడు.

"మెయిన్ నేనా? ముందరే చెప్పుంటే ఒళ్ళు దగ్గిర పెట్టుకుని పాడుంటాను గదరా."

చెప్పాలని తోచలేదు మామా అన్నాడు గిరి. వాడికి మామ గొంతు తప్ప ఇంకో గొంతు ఆలోచనలోనే లేదు, అందుకే చెప్పలేదు. మామకు తన గొంతు పాటలో చివరిదాకా ఉంటుందన్న ఆలోచనే లేదు, అందుకే అడగలేదు. నేనేమో ఇరవై ఏళ్ళుగా ఆయన పాడటం, నేను తీసేయడం అలవాటైనదాన్ని. ముగ్గురిలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నాకు ఇంకా ఒళ్ళు మండింది.

బుధవారం ఆస్పత్రిలో చేరాలి. చేతిలో ఉన్నది సోమ, మంగళవారాలు. మళ్ళీ పాడతానన్నాడు ఆయన. కనకమ్మ వదిన ఒప్పుకోలేదు. ఆ గడ్డ పెట్టుకుని ఆయన గట్టిగా పిలిస్తేనే ఆయాసం వస్తోందని, ఒకసారి పాడింది మీరు పోగొట్టుకుని మళ్ళీ ఈయన్ను పట్టి పీడిస్తారేందని నన్ను కడిగేసింది. ఆయన మాత్రం, "ఒక తూరి పాడనీ కనకా. అప్పురం నువ్వు ఏం చెప్తే అదే," అని బూత్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ రెండు రోజులు నేను చూసిన దేవరాజులు నాకు తెలిసినవాడు కాదు. ఒక్క టేకుతో మెట్లు దిగే మనిషి, మొదటి పాట పల్లవికే ఏడు టేకులు అడిగాడు. ఇది బాగలేదు మా, ఇంకోటి. ఇక్కడ గమకం వెయ్యొచ్చా? చివర్లో ఇంకాస్త నిలబెట్టనా? మేనల్లుడి పోలిక ఇన్నేళ్ళకు బయటపడింది. వేరే రోజైతే నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద కొట్టేదాన్ని. ఇప్పుడు నిట్టూర్చే హక్కు కూడా నాకు లేదు. కిందికి వెళ్ళి రెండు రోజులు పైపులు కోయొద్దని దుకాణాయన్ను బతిమాలుకుని వచ్చాను.

ఏడో టేకులో ఆయన పల్లవి చివరి అక్షరాన్ని పట్టుకుని పైకి వెళ్ళాడు. నేను ఇరవై ఏళ్ళలో వినని గొంతు అది. ఇన్నాళ్ళూ అది ఆయన దగ్గరే ఉంది, ఇంకొకరి చోటు అని ముట్టుకోకుండా పాడాడు. గిరి సోఫాలో మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. వదిన మాత్రం లోపలికి రాలేదు. కోపంగా మెట్ల మీదే కూర్చుంది. బూత్ తలుపు వేస్తే బయటికి ఏమీ వినపడదు.

మంగళవారం మధ్యాహ్నానికి నాలుగు పాటలు అయ్యాయి. ఐదోది ఎత్తుకోగానే గొంతు పట్టేసింది. వేడినీళ్ళు తాగాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు, దగ్గు వచ్చింది. మూడోసారి నేనే మైకు ఆపేశాను. అయిదు నిమిషాలాగి పాడతానన్నాడు. వద్దన్నా అన్నాను. ఆయన హెడ్‌ఫోన్ తీసి, తీగ జాగ్రత్తగా చుట్టి, స్టాండుకు తగిలించి బయటికి వచ్చాడు. మిగిలిన రెండు పాటలకు ఆయన పాడాల్సిన లైన్లు గిరి గిటార్ మీద వాయించాడు. వాటికి మాత్రం రెండో టేకు అడగలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డలో చెడ్డదేమీ లేదన్నారు. మాట సన్నగా వచ్చింది, తర్వాత కుదురుకుంది. పైస్థాయి రాలేదు. ఆర్నెల్లు సాధన చేసి చూశాడు, మధ్యలోనే గొంతు జారిపోయేది. ఆ తర్వాత ఒకరోజు స్టూడియోకు వచ్చి చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి, లేవబోతూ అడిగాడు.

"పాత పాటల్లో యాడైనా నాది మిగిలుండాదా మా? సుమ్మా, ఊరికే ఇంట్లో పెట్టుకుందామని."

వెతుకుతానన్నాను. మూడు రోజులు వెతికాను. పాత డిస్కులు, సీడీలు, అటక మీద డబ్బాల్లో ఉన్న టేపులు అన్నీ. అమ్మవారి పాటలున్నాయి, అయ్యప్ప పాటలున్నాయి, ప్రతి పాటా ఆయన పాడి దారి చూపించిందే. ఒక్కదాంట్లో ఆయన లేడు. డిస్కులో చోటు కోసం, నీటు కోసం, నా పని పద్ధతి కోసం, ప్రతిసారీ నేనే శుభ్రంగా తుడిచేశాను. అంత పనిమంతురాలిని నేను.

ఇప్పుడు నా దగ్గర ట్రాకు పాడే ప్రతి ఒక్కరి గొంతూ వాళ్ళ పేరుతో దాచిపెడుతున్నాను. డిస్కులు నిండుతుంటే ఇంకోటి కొంటున్నాను. మైకు ముందు ఎవరు నిలబడినా, ఇది ఎవరి గొంతుగా మిగలబోతోందో ముందే, అందరి ఎదుటా అడుగుతున్నాను. తెలిసిన పని కదా అని అడగకుండా వదిలేసేది ఇలాంటి ప్రశ్నల్నే అని నాకు ఆ ఆల్బమ్ నేర్పింది. నేర్చుకోవడానికి నాకు పట్టిన ఖర్చు మాత్రం ఆయనది.

ఆ రోజు, పాతవాటిలో ఏమీ దొరకలేదని ఫోన్లో చెప్పడానికి మనసొప్పక వాళ్ళింటికి వెళ్ళాను. దేవరాజులన్న డ్యూటీకి వెళ్ళాడు. వంటింట్లో ఫోన్లోంచి మీనా గ్రౌల్ ఇల్లదిరిపోయేట్టు వస్తోంది. కనకమ్మ వదిన ఆ అరుపుల మధ్య చింతపండు పిసుకుతోంది. ఇదెలా వింటున్నావు వదినా అన్నాను. ఆ పిల్ల అరిచి ముగించినాక ఈయన వస్తాడు, అందాకా ఓర్చుకోవాల అంది. పాటను ముందుకు జరపడం గిరి నేర్పించాడట గానీ, జరిపితే ఎక్కడ ఈయన్ను దాటి పోతుందోనని ముట్టుకోదట.

పల్లవి వచ్చింది. వదిన పిసకడం ఆపి, పాట ముగిసేదాకా తడి చెయ్యి గాల్లోనే పెట్టుకుని నిలబడింది.

"ఇరవై ఏండ్లు నీ దగ్గిరికొచ్చి పాడినాడు మా," అంది. "ఎట్ట పాడతాడో నేను ఇప్పుడే వింటా ఉండాను."

నేను చెప్పడానికి వచ్చిన మాట చెప్పలేదు. తర్వాతి పాట మొదలయ్యేదాకా అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను.