అంగారకుడి మీద పాలమూరు జోడీలు

ఆ రోజుల్లో నాకు అంగారక గ్రహం తెలిసినంతగా తెలకపల్లి మండలం తెలియదు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ మండలంలోనే ఒక ఊరి సర్కారు బడిలో విద్యా వాలంటీరుగా సైన్సు చెప్పేవాణ్ని, మిగతా పొద్దంతా నవల రాసేవాణ్ని (పిల్లలకు లెక్కలిచ్చి, వాళ్లు చేసేలోపు రెండు పేజీలు లాగించేవాణ్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ పిల్లలు మంచివాళ్లు, ఎవరికీ చెప్పలేదు). ఇప్పటికి ఐదు సైన్సు నవలలు నా ఖర్చుతో నేనే అచ్చు వేసుకున్నాను. చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అందులో రెండు వేళ్లు నా బావమరుదులవి. ఆ తొలి నవల రాసేటప్పుడు మాత్రం రాష్ట్రమంతా నా కోసమే ఎదురుచూస్తోందని గట్టి నమ్మకం.

కథ ఏమిటంటే, పాలమూరు నుంచి మట్టిపని చేసే గుంపు ఒకటి అంగారకుడి మీద కాలువ తవ్వడానికి పోతుంది. వాళ్లను తీసుకుపోయిన గుంపు మేస్త్రి ఉంటాడు, రాకెట్టు ఉంటుంది, అక్కడా ఒక నాయకుడుంటాడు. ఆయన ఒకే కాలువకు మూడుసార్లు శంకుస్థాపన చేస్తాడు. చివరికి తిరిగి రావడానికి ఇంధనం చాలక గుంపంతా అక్కడే మిగిలిపోతుంది. ఆ చివరి అధ్యాయం రాసి నా కళ్లు నేనే తుడుచుకున్నాను. అది చదివితే అసెంబ్లీ స్తంభించిపోతుందని కూడా అనుకున్నాను.

బడిలో మధ్యాహ్నం అన్నం వండే పెద్దమ్మ ఒకామె ఉండేది. వయసులో ఉన్నప్పుడు డ్యాముల పనికి దేశమంతా తిరిగిన మనిషి. చదువు రాదు. ఒకరోజు చాటలో బియ్యం ఏరుతూ, "ఏంది సారూ, గంతగనం రాస్తున్నవ్? మా వంట మీద కంప్లయింటా?" అని అడిగింది. కాదని నమ్మించడానికి మొదటి అధ్యాయం చదివి వినిపించాను.

"నూరుమంది మగోళ్లను తీస్కపోయిండా మేస్త్రి?" అంది.

"అవును పెద్దమ్మా."

"ఏ మేస్త్రి సారూ గట్ల తీస్కపోయేది? జోడీ లెక్కనే తోల్కపోతరు. మొగడు తవ్వితే పెండ్లాం మోస్తది. ఒంటిగాడు తవ్విన మట్టి ఎవరు ఎత్తాలె?"

నేను పుట్టింది పాలమూరులో. బస్టాండ్లో మూటలతో కూర్చున్న ఆలుమగల్ని చూస్తూనే పెరిగాను. అంగారకుడి గురుత్వాకర్షణ లెక్క కట్టాను గానీ, అక్కడ గంప ఎవరు ఎత్తుతారో ఆలోచించలేదు. ఆ రాత్రే యాభైమంది మగవాళ్లను దించి, యాభైమంది ఆడవాళ్లను రాకెట్టెక్కించాను. మర్నాడు ఇంకో పేచీ. "గాడ చెట్టే లేదంటివి గద, పోరగాండ్లకు ఉయ్యాల దేనికి గడ్తరు?" రాకెట్టు కాళ్లకు చీర ఉయ్యాలలు కట్టించాను. మూడో శంకుస్థాపన దగ్గర మాత్రం చాట పక్కన పెట్టి నవ్వింది. "గాడ గూడనా?" అంది.

అలా చివరి అధ్యాయం దాకా వచ్చాం.

"మరి వాపస్ ఎప్పుడొస్తరు?"

"రారు పెద్దమ్మా. ఇంధనం సరిపోదు."

"పోయేటందుకు సరిపోయింది, వచ్చేటందుకు ఎందుకు సరిపోదు?"

బొగ్గుముక్కతో నేల మీద బొమ్మ గీసి వివరించాను. ఆమె ఓపికగా చూసింది. "జర ఎక్కువ పొయ్యి సారూ. రాసేది నువ్వే గద" అంది. నాకు పౌరుషం వచ్చింది. వాళ్లు తిరిగొస్తే చదివేవాడి కోపం చల్లారిపోతుందనీ, ప్రభుత్వాలను కదిలించాలంటే ఆ కోపం కావాలనీ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

"నీకు కోపం గావాలె సారూ. నాకు మా చెల్లె గావాలె" అంది పెద్దమ్మ.

చెల్లెలూ మరిదీ వేరే గుంపుతో ఎక్కడో దూరపు డ్యాము పనికి పోయారట. మళ్లీ కబురు లేదు. మేస్త్రిని అడిగితే ఇంకో గుంపులో కలిశారన్నాడట. అంతే చెప్పి పప్పు చూసుకోవడానికి లేచిపోయింది. నేను ముగింపు మార్చలేదు. అంత మాట విన్నాక కూడా మార్చలేదని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నవల వనపర్తిలో పెళ్లి పత్రికలు వేసే ప్రెస్సులో అచ్చయింది. రాకెట్టు బొమ్మ చుట్టూ మామిడాకుల తోరణం, పైన 'శ్రీరస్తు శుభమస్తు' (అడిగితే, "అది లేకుంటే ఎట్ల సార్, అశుభం గాదా" అన్నాడు యజమాని). మొదటి ప్రతి పెద్దమ్మకే తీసుకుపోయాను. చేతులు కొంగుకు తుడుచుకుని తోరణం తడిమి చూసింది.

"వచ్చిండ్రా?" అంది.

"వచ్చిండ్రు పెద్దమ్మా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"సదువు మరి."

పేజీలో వాళ్ల చివరి రొట్టె అయిపోతోంది. నేను పైకి మాత్రం, రాకెట్టు కోతలయిన పల్లి చేన్లో దిగిందని చదివాను. ముందు పిల్లల్ని దించారని, ఒంటినిండా ఎర్రదుమ్ముతో జోడీలు దిగాయని, ఆఖరున ఒకామె మూటతో దిగి అక్క కోసం వెతుక్కుందని చదివాను. సరైన చోట్ల పేజీలు కూడా తిప్పాను.

వారం తర్వాత మళ్లీ చదవమంది. ఏం కల్పించానో నాకు గుర్తుంటే కదా. సాయంత్రం దిగారన్నాను. "కాదు సారూ, పొద్దుగాల దిగిండ్రు. మంచు వడ్తుండె" అని దిద్దింది. పేజీలు అతుక్కున్నాయని బొంకాను. ఆ ఏడాదంతా ఎన్నిసార్లు చదివానో. చదివినప్పుడల్లా ఆమె ఒక మాట సరిచేసేది, ఇంకో మాట కలిపేది. అక్కాచెల్లెళ్ల మాటలన్నీ ఆమె పెట్టినవే. అవి పుస్తకంలో లేవని ఆమెకు ఎరుకే అయి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. ఆ వాలంటీరు సారే తెలివిగా మోసం చేస్తున్నాననుకున్నాడు, పిచ్చివాడు.

బడి మారి గద్వాల వచ్చేశాను. పెద్దమ్మ పోయిందన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ మధ్య ఆ నవల మళ్లీ అచ్చు వేద్దామని, ఈసారి ఆమె ముగింపే పెడదామని కూర్చున్నాను. మంచు గుర్తుంది, పల్లి చేను గుర్తుంది. ఇంధనం లెక్క కూడా ఎలాగో సరిచేశాను, జర ఎక్కువే పోశాను. మూట దించి, అక్కను చూడగానే ఆ చెల్లెలు మొదట అన్న మాట మాత్రం ఎంతకీ గుర్తు రావడం లేదు. అడుగుదామంటే పెద్దమ్మ లేదు.