ఊచ దిగిన లోతు

నెడ్ ఆల్డర్సన్ యార్క్‌షైర్ కొండల్లో గ్రౌస్ పిట్టల కాపలాదారు. ముప్పై ఒక్కేళ్లుగా అదే కొలువు, కొలువుతో వచ్చిన అదే ఇల్లు. కొలువు పోతే ఇల్లూ పోతుంది. మోకాళ్లరిగిన భార్య మరియన్‌తో మళ్లీ ఇల్లు వెతుక్కునే ఓపిక అతనికి లేదు.

దొరల వేటకు పిట్టలు కావాలి. పిట్టలకు హెదర్ పొదల లేత చిగుళ్లు కావాలి. అందుకని ముదురు పొదల్ని ఏటా కొంత కాలుస్తారు. కింద ఉన్నది పీట్ నేల, వేల ఏళ్ల నాచు మగ్గి పేరుకున్న నల్లమట్టి. అంటుకుంటే లోపల్లోపల వారాలు రగులుతుంది. నలభై సెంటీమీటర్ల లోతు దాటినచోట నిప్పు పెట్టకూడదని చట్టం.

ఆ సెప్టెంబరులో లోతు కొలవడానికి బెథనీ అనే అమ్మాయి వచ్చింది. ఆమెకు జీతమిచ్చేది కొండ సంరక్షణ సంఘం. సంఘానికి అధ్యక్షుడు నెడ్ పనిచేసే ఎస్టేట్ మేనేజరు లోథరే. దొంగ చేతికి తాళాలిచ్చిన వ్యవహారం.

"ఆ అమ్మాయిని పాత గోడ వెంబడి తిప్పు నెడ్," అన్నాడు లోథర్. "రాళ్లెక్కడున్నాయో నీకు నేను చెప్పాలా?"

బెథనీ ఉక్కు ఊచ దింపిన ప్రతిచోటా రాయి తగిలింది. ముప్పై. ఇరవై ఎనిమిది. ముప్పై రెండు.

"ఎక్కడ పొడిచినా రాయేనా? మీ కొండ బలే బుద్ధిమంతురాలు నెడ్ గారూ," అని నవ్వింది బెథనీ. "ఆ పల్లంలో కూడా ఇంతేనా?"

పల్లంలో ఊచ పిడిదాకా దిగుతుందని నెడ్‌కు తెలుసు.

"ఇంతేనమ్మాయ్. అటంతా బురద. కాళ్లు తడుపుకోవడం దేనికి?"

ఆమె పల్లాన్ని కూడా రాసుకుని కాగితం చాపింది. దారి చూపినవాడి సంతకమూ కావాలట. ఆ సంగతి లోథర్ చెప్పలేదు. నెడ్ పెట్టాడు.

ఏప్రిల్ సగానికి కాల్చే గడువు ముగుస్తుంది. చలికాలమంతా నెడ్ వాన కోసం చూశాడు.

"కొండ కాల్చేవాడివి వాన కోరుకోవడమేంటయ్యా?" అంది మరియన్. "ఏం చేసొచ్చావు?"

అతను టీ చల్లారబెట్టుకుంటూ కూర్చున్నాడు.

మార్చి ఆఖర్న పొడి తూర్పుగాలి తిరిగింది. పది రోజులు చుక్క పడలేదు.

"పల్లం కూడా కానిచ్చేద్దాం," అన్నాడు లోథర్.

"అక్కడ అంటుకుంటే ఆరదు సార్."

"లోతు లేదని సంతకం పెట్టింది నేనా, నువ్వా?"

నెడ్ నిప్పు పెట్టాడు. గంటలో పొదలు కాలాయి. మంటలు కొట్టి ఆర్పి అందరూ దిగిపోయారు. లోథర్ అతని భుజం తట్టి మరీ వెళ్లాడు.

నెడ్ చేతితొడుగు తీసి, బూడిద పక్కకు తోసి, అరచెయ్యి నేలకు ఆనించాడు. వెచ్చగా ఉంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి ఆనించాడు. ఈసారి చెయ్యి ఉంచలేకపోయాడు.