రేకుల ఇంట్లో నడిమి డబ్బా

నా పరిశోధన వేడి మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఎండాకాలం రేకుల ఇంట్లో వేడిగాలి ఎటు కదులుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదాని మీద. రేకు కాలితే దాని కింది గాలి కాలుతుంది. తేలికై పైన పొరలా నిలుస్తుంది. బయటికి దారి లేకపోతే ఆ పొర మందమై మనిషి తల దాకా దిగుతుంది. జనగామ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన వేళల్లో ఈ కదలికను కంప్యూటర్‌లో రంగులుగా గీసేదాన్ని. బొమ్మలు బాగానే వచ్చేవి. అవి నిజమో కాదో తేలాలంటే మాత్రం ఒక ఇల్లు కావాలి.

ఇల్లు చూపించింది మా ఆయనే. "టేకుమట్ల కాడ మా అక్క ఇల్లుంది గద. మొన్ననే కొత్త రేకులేసినం. అండ్ల పెట్టుకో," అన్నాడు. ఆయన రోజూ రైల్లో మహబూబాబాద్ వెళ్లి వచ్చే ఉద్యోగి. నా చదువు సంగతి అంతవరకు అడిగిన మనిషి కాదు. అందుకే ఆ మాటకు మురిసిపోయాను.

మా వదినె, అంటే ఆయన అక్క, భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. కొంచెం పత్తి చేను, కొన్ని మేకలు. ఒక్కగానొక్క కూతురు మరిపెడలో ఒక క్రైస్తవ అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. అప్పుడు మేనమామగా మా ఆయన తేల్చి చెప్పేశాడు: "దానితోని ఎవలు మాట్లాడినా నాకు అక్క లేదనుకుంట." చేను దున్నించేదీ, ఇంటికి రేకులు వేయించేదీ తమ్ముడే. వదినె ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత కూతురి మాట ఎవరి ముందూ ఎత్తలేదు.

ఎండలు ముదరకముందే వెళ్లి మూడు పరికరాలు బిగించాను. ఒకటి రేకు కింద, ఒకటి నేలకు దగ్గర. రెండూ చొక్కా గుండీలంతే ఉంటాయి. మూడోది నడుమ, మనిషి తల ఎత్తున మేకుకు వేలాడదీసిన సబ్బుపెట్టెంత డబ్బా. అది వేడితో పాటు గాలిలో తేమనూ కొలుస్తుంది. మూడింటి లెక్కలూ నా లాప్‌టాప్‌కు పంపడానికి దాంట్లో ఒక సిమ్ వేశాను. మూత పెట్టగానే ఎర్ర లైటు వెలగడం, ఆరడం మొదలైంది.

"గట్ల మిణుకు మిణుకుమంటాందేంది?" అంది వదినె.

"నడుస్తున్నట్టు గుర్తు, వదినె."

"నడిసి యాడికి పోతది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

కొన్నాళ్లు లెక్కలు సరిగ్గా వచ్చాయి. పైన బాగా వేడి, కింద తక్కువ, నడిమిది ఆ రెంటి మధ్య. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పైదీ కిందిదీ ఎక్కుతుంటే నడిమిది దిగిపోయింది. నిప్పులు కురిసే ఎండలో తేమ పెరిగింది. కాసేపటికి తెర మీద దాని గీత మళ్లీ దారిలోకి వచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ముందు డబ్బాను అనుమానించాను. అలాంటిదే మరొకటి మా వంటింట్లో పెట్టి చూస్తే ఏ తప్పూ కనిపించలేదు. హైదరాబాద్‌లో ఉండే మా గైడ్ నన్నే అనుమానించారు. "పైనా కిందా వేడెక్కి నడుమ చల్లబడే గాలిని నేనెక్కడా చూడలేదమ్మా. ఇవి కొలిచిన అంకెలేనా?" అని అడిగారు. ఆ చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కొలవని అంకె ఒక్కటి కూడా రాసినదాన్ని కాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

"మా అక్క దాన్ని ముట్టది. నువ్వే ఏదో తప్పు పెట్టినవ్," అన్నాడు. మళ్లీ తనే, "పగటీలేనా? రోజూ గదే టైమా?" అని అడిగాడు. రెండు రోజులకు మళ్లీ అదే అడిగాడు. గాలి లెక్కల మీద ఆయనకు ఇంత ధ్యాస ఎప్పుడు పుట్టిందో అర్థం కాలేదు.

చెప్పకుండా బయల్దేరాను. హన్మకొండలో బస్సు మారి, ఎండ నెత్తికెక్కే వేళకు ఊరు చేరాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల వదినె నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం నేను ఎన్నడూ వినలేదు. తలుపు తోశాను. ఆమె గబుక్కున ఫోన్ కొంగు కింద దాచింది. గోడకు మేకు ఒక్కటే ఉంది. మూలన నీళ్ల కుండ పక్కన తడి తువ్వాలలో చుట్టిన డబ్బా కనిపించింది.

"తీసిపెట్టినవా, వదినె?"

"ఎండకు కాలుతాంటే సల్లగ పెట్టిన."

"నిజం చెప్పు."

"ముందు నువ్వు చెప్పు. మా తమ్ముడు పంపిండా నిన్ను?"

ఆమె డబ్బా వైపు వేలు చూపించింది.

"నా కండ్ల ముంగట్నే అండ్ల సిమ్మేసినవ్. సిమ్మున్నకాడ మాటలు పోవా? బిడ్డతోని నేనేం మాట్లాడుతాన్నో వినేతందుకే గద గిది తగిలిచ్చిండ్రు?"

సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి డబ్బా విప్పాను. ఇది బ్యాటరీ, ఇది వేడి చూసేది, మాటలు వినే మైకు లేదు అని ఒక్కొక్కటీ చూపించాను.

ఆమె వంగి చూసి, "నువ్వు మైకంటే మైకు, కాదంటే కాదు. నాకేమెరుక?" అంది.

సిమ్ ఊడదీసి ఆమె చేతిలో పెట్టాను. అంతలో కొంగు కింద ఫోన్ మళ్లీ మోగింది. ఆమె ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది, ఎత్తలేదు. నేను డబ్బా పట్టుకొని బయటికి నడిచి మేకల కొట్టంలో కూర్చున్నాను.

వడగాలి కొడుతోంది. లోపలి నుంచి మాటలు కాదు, వట్టి గొంతు మాత్రం వినిపిస్తోంది. వదినె అనుమానం నాకూ అంటుకుంది. ఇన్ని రేకుల ఇళ్లుంటే ఈ ఇల్లే ఎందుకు చూపించాడు? రోజూ అదే వేళా అని రెండుసార్లు ఎందుకడిగాడు? డబ్బా మాటలు వినదని ఆయనకు తెలుసా? తెలియకే పెట్టుకోమన్నాడా?

చాలాసేపటికి వదినె చెంబుతో నీళ్లు తెచ్చింది.

"బిడ్డ కొడుకు అడుగులేస్తాండట," అంది, మేకల వైపు చూస్తూ. తర్వాత నా వైపు తిరిగి, "మా తమ్మునికి చెప్తవా?" అంది.

"చెప్ప, వదినె."

"చూస్త గద," అంది.

మూడు పరికరాలూ విప్పుకొని వచ్చేశాను. ఇంటివాళ్లు భయపడి డబ్బాను పక్కన పెట్టారని గైడ్‌కు రాసి, ఆ అంకెలన్నీ తీసేశాను. మరుసటి ఎండాకాలం మహబూబాబాద్‌లో మరో ఇంట్లో కొలిచాను. ఈసారి సిమ్ లేదు, లైటు లేదు. విప్పి చూపించాకే మేకు కొట్టాను. అయినా ఆ ఇంటి ముసలామె నేను వెళ్లేదాకా దాన్ని చూస్తూనే ఉంది. అక్కడ నడిమి గీత మధ్యలోనే నిలిచింది. పైన గోడకూ రేకుకూ మధ్య సందు వదిలితే వేడి పొర తల దాకా దిగడం లేదని తేలింది.

అదంతా తర్వాతి మాట. టేకుమట్ల నుంచి వచ్చిన వారానికి, అన్నం తింటూ మా ఆయన అడిగాడు.

"అక్క ఇంట్ల డబ్బాలెందుకు తీసేసినవ్?"

"లెక్క కుదరలే."

"పగటీలి ఎవలన్న వస్తాండ్రా ఆడికి?"

"వేడి చూసే డబ్బాకు గదెట్ల ఎరుకైతది?" అన్నాను.

ఆయన చారు పోసుకుంటూ నా మొహం వైపు చూశాడు. నేను చారుగిన్నె మూత వెతుకుతున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను.