చీకట్లకెల్లి తెచ్చిన మొఖం

కోస్గిల ఫోటోలు కడిగే ఒకాయనకు ఒక అలవాటుండె. కంప్యూటర్ మీద ఫోటో రాంగనే వెలుగున్న జాగను అరచెయ్యితో మూసి, ఉత్త చీకటినే చూసేటోడు. నాకైతే చాదస్తమనిపించింది.

మా ఇంటాయన పోయి దినాలు దగ్గరికొచ్చినయి. పటం కట్టించనీకి ఆధార్ కార్డు మీద తప్ప ఆయనది ఒక్కటే ఫోటో ఉన్నది. గొర్లదొడ్డి కాడ మనుమరాలు సెల్లుల తీసింది. ఎండ ఎనుక నుంచి కొట్టి మొఖమంత బొగ్గు లెక్క పడ్డది. అదే పట్టుకోని నేను, నా కొడుకు ఆయన స్టూడియోకు పోయినం.

"అన్నా, మొఖం తెల్లగ చేసి కోటు తొడుగు," అన్నడు నా కొడుకు.

"మీ బాపు ఎన్నడన్న కోటేసిండారా? గొర్లు సుత బెదురుతయి," అన్న.

స్టూడియో ఆయన నవ్వలే. "తెల్లగ చేస్తే వేరే మనిషయితడు. చీకట్ల ఉన్నది ఎటు పోలేదవ్వా, మెల్లగ పైకి తెద్దాం. తాతను ఎరిగినదానివి నువ్వు. ఎక్కడ ఆపాల్నో చెప్పు," అని మౌసు జరిపిండు.

నెత్తికి చుట్టిన రుమాలు కింద ముందుగాల కనుబొమ్మలు తేలినయి. తర్వాత పొట్టేలు కొమ్ము తగిలిన మచ్చ. ఆ ఎనుక కండ్లు, నా దిక్కే చూసుకుంట. నలుగురిల ఆయన ముందట ఎప్పుడూ చేసినట్టే కొంగు నెత్తి మీదికి గుంజుకున్న.

అది చూసి స్టూడియో ఆయన మౌసు వదిలిండు. "తాత వచ్చిండవ్వా," అన్నడు. ఇంక జర తెలుపు చెయ్యమని కొడుకు ఎంత చెప్పినా వినలే.

నేను ఊకె ఎవరిని మెచ్చుకునేదాన్ని కాదు. గని పటం ముందట దీపం పెట్టినప్పుడల్ల, పేరు సుత తెల్వని ఆ మనిషి సల్లగుండాలని మొక్కుత.