రెండు, ఆగి ఒకటి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ధైర్యం ఎక్కువై కాదు, కోపం ఎక్కువై. మా ఇంట్లో బతికున్న మనుషులు చేసిన పని చూశాక, దయ్యాలు కొత్తగా చేయడానికి ఏం మిగిలిందిలే అనుకునేదాన్ని. ఫలానా ఇంట్లో గాలి ఉందని ఎవరైనా మొదలుపెడితే ఇప్పటికీ లేచి వెళ్లిపోతాను. అందుకే ఇది రాయడం సిగ్గుగానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది కర్ణాటకలో సింధనూరు దగ్గర ఒక క్యాంపు, అంటే ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. కాలువ నీళ్లొచ్చిన కొత్తలో మా తాతగారు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొని వరి వేశారు. నేను పుట్టిందీ, పెళ్లయ్యాక ఉంటున్నదీ ఒకే ఇంట్లో. ఒక్కత్తే కూతుర్ని కావడంతో మా ఆయన ఇల్లరికం వచ్చారు. అమ్మ మాతోనే ఉంటుంది. ఎనభై దాటింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు.

ఇంటి వెనక ఒక గది ఉంది. మొదట విత్తనాల బస్తాలు వేసేవారట. నాకు తెలిసేసరికి అది మా సత్యం పిన్ని గది. పిన్ని అంటే అమ్మకి చెల్లెలు. పెళ్లి కాలేదు, మా దగ్గరే ఉండేది.

పిన్నికి మూర్ఛ వచ్చేది. కానీ మా ఇంట్లో ఆ మాట అనకూడదు. "నీరసం" అనాలి. పిన్నికి నీరసం వచ్చింది, పిన్ని నీరసంగా పడుకుంది. రాయచూరులో డాక్టరు రాసిచ్చిన మాత్రలు కూడా ఎవరైనా చూస్తారని సరిగ్గా తెప్పించేవాళ్లు కాదు. ఈ ఇంట్లో మూర్ఛ ఉందని తెలిస్తే నాకు సంబంధాలు రావట. నాకు పదేళ్లప్పుడే వాళ్లకి ఆ భయం మొదలైంది.

మాత్రల బదులు అమ్మ చేసే వైద్యం ఒకటే. పిన్ని పడిపోగానే ఆ గది తాళంచెవి తెచ్చి పిడికిట్లో పెట్టేది. నా మధ్యవేలంత పొడుగున్న ఇనప చెవి. ఇనుము తగిలితే తగ్గుతుందని నమ్మకం. చుట్టాలు వస్తే పిన్నిని లోపల పెట్టి తాళం వేసి, ఆ చెవి తన దగ్గరే ఉంచుకునేది.

ఫిట్స్ వచ్చే ముందు నాలుక మీద ఇనుము రుచి తగులుతుందని పిన్ని నాకు మాత్రమే చెప్పింది. అప్పుడు తలుపు మీద రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకొకసారి తట్టేది. నేను పరుగెత్తి వెళ్లి చుట్టూ ఉన్నవి జరిపేసి, తల కింద దుప్పటి మడత పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టేదాన్ని. ఆ గుర్తు మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు పెళ్లిచూపులు. మధ్యాహ్నం నాలుగు గంటలకి కారటగి నుంచి వాళ్లొచ్చారు. "ఒక్క గంటే కదా" అని అమ్మ పిన్నిని లోపల పెట్టి తాళం వేసింది. నేను తలవంచుకుని కూర్చున్నాను. వెనక నుంచి వినపడింది. రెండు. ఆగి ఒకటి. కాసేపటికి మళ్లీ వినపడింది. మూడోసారి రెండే తట్టి ఆగిపోయింది. అమ్మ ఎవరికో ఇంకాస్త కాఫీ పోసింది. నేను లేవలేదు.

వాళ్లు వెళ్లాక తలుపు తీస్తే పిన్ని గోనెసంచి మీద బోర్లా పడి ఉంది. ఊపిరాడక ప్రాణం పోయింది. గుండె ఆగిపోయిందని అందరికీ చెప్పారు. ఆ సంబంధమే కుదిరింది. మా ఆయన మంచివారు, ఆయనకి ఈ సంగతి పదేళ్ల తర్వాత చెప్పాను. అమ్మతో ఇంతవరకూ మాట్లాడలేదు. మాట్లాడలేదంటే, ఆ విషయం. ఉప్పు, పప్పు, మందులు అన్నీ మాట్లాడుకుంటాం.

ఇక కరియ సంగతి. మా అమ్మాయి సుష్మ కాలేజీకి వెళ్లే రోజుల్లో సింధనూరు బస్టాండులో దొరికిన నల్ల కుక్కపిల్లని పుస్తకాల సంచిలో వేసుకొచ్చింది. మా పొలం చూసే హనుమప్ప దాన్ని కరియ అని పిలిచాడు, కన్నడంలో నల్లది అని, అదే పేరు నిలబడింది.

రెండేళ్ల వయసులో వాకిట్లో పడిపోయింది. కాళ్లు నాలుగూ గాల్లో ఈదుతున్నట్టు కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ, కింద తడి. చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. పక్కింటి బాబాయి గునపం పట్టుకొచ్చాడు. "పిచ్చెక్కిందమ్మా. పిల్లల్ని కరవకముందే కానిచ్చేద్దాం, నువ్వు లోపలికెళ్లు" అన్నాడు.

హనుమప్ప అడ్డం నిలబడ్డాడు. "ఏ, ఆగుర్రి. పిచ్చి కుక్క గిట్ల పడి కొట్టుకుంటదా? గిది మూర్ఛ. మా అన్నకు గూడ గిట్లనే వస్తుండె."

మా వాకిట్లో ఆ మాటని గట్టిగా అన్న మొదటి మనిషి హనుమప్పే. నాకు ఏడుపొచ్చింది. అంతలో అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, ఆ తాళంచెవి కరియ ముందుకాలి పంజా సందులో దూర్చింది. ఇన్నేళ్లూ మేకుకి భద్రంగా వేలాడదీసింది. లాక్కుని గడ్డివాము వైపు విసిరేశాను. సాయంత్రానికి అది మళ్లీ మేకుకే ఉంది. ఎవరు వెతికి పెట్టారో అడగలేదు.

సింధనూరులో పశువుల డాక్టరు చూసి, జీవితాంతం మాత్రలు వేయాలన్నారు. పన్నెండు గంటలకోసారి, ఒక్క పూట కూడా తప్పకూడదు. వచ్చినప్పుడు నోట్లో చెయ్యి పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు, ఎన్ని నిమిషాలుందో చూడండి, ఐదు దాటితే తీసుకురండి అన్నారు. గొడవ, భయం ఉంటే ఎక్కువవుతుందని కూడా చెప్పారు. ఇంత చిన్న విషయాలా అనిపించింది. ఇవి మా పిన్నికి ఎవరూ చేయలేదు.

పొద్దున ఆరు, సాయంత్రం ఆరు. బెల్లంముక్కలో పెట్టి మింగించేదాన్ని. పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను. మందుల షాపులో చీటీ చూపించినా, కుక్కకి ఈ మాత్రలేమిటని అనుమానంగా చూసేవాడు. కుక్కకి కాదు, నాకు అని ఒకసారి అరిచాను. కొత్తలో వెనక కాళ్లు తడబడేవి, ఎప్పుడూ ఆకలే, బిందెడు నీళ్లు తాగేది. ఫిట్స్ తగ్గాక పావుగంటసేపు కళ్లు కనపడవు. గోడకి ఒళ్లు రాసుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది, నన్ను కూడా గుర్తుపట్టక గుర్రుమంటుంది. దాని పేరు మెల్లగా అంటూ పక్కన నడవాలి. అంతే చేయగలిగింది.

వంటింటి క్యాలెండరులో వచ్చిన రోజులకి సున్నా చుట్టేదాన్ని. నెలకి నాలుగు సున్నాలు ఉండేవి. రెండేళ్లు గడిచేసరికి రెండు నెలలకి ఒకటైంది. నేను బతుకులో సరిగ్గా చేసిన పని ఏదైనా ఉంటే అదే.

పోయిన ఎండాకాలం సుష్మకి గంగావతి సంబంధం వచ్చింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, తెచ్చారు. ముందురోజే వచ్చి కూర్చుని అన్నారు, "చూడమ్మా, మీ పుట్టింటి మీద పాత మాట ఒకటి ఉండనే ఉంది. ఇప్పుడు కుక్కక్కూడా అదేనంటే వాళ్లేమనుకుంటారు? ఒక్క గంట వెనక పెట్టు."

కుదరదని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ రాత్రంతా ఆలోచించాను, పిల్ల బతుకు అనుకున్నాను, కుక్కే కదా అని కూడా అనుకున్నాను. అది కూడా రాయాలి. మధ్యాహ్నం మూడున్నరకి సుష్మ చీర కట్టుకుంటుంటే, దానికి తెలియకుండా కరియని వెనక గదిలోకి తీసుకెళ్లాను. గోనెపట్టా వేసి, వంగి నీళ్లగిన్నె పెట్టి, "ఒక్క గంటే కదా" అన్నాను. అన్నాక గానీ అది ఎవరి మాటో నాకు తట్టలేదు.

తలుపు వేసి తాళం నొక్కాను. నొక్కితే పడిపోయే తాళం అది, వేయడానికి చెవి అక్కర్లేదు. గది తీసినప్పుడే చెవి నడుం దగ్గర దోపుకున్నాను. వంటింట్లోకి వెళ్తుంటే చల్లగా తగులుతూ ఉండడం నాకు గుర్తుంది.

నాలుగింటికి వాళ్లొచ్చారు. అబ్బాయి, తల్లి, తండ్రి. హాల్లో కూర్చున్నారు. సుష్మ ఎదురుగా కూర్చుంది. అమ్మ వెనక తలుపు పక్క మంచం మీద ఉంది. మాటల్లో అబ్బాయి తండ్రి, కుక్కని పెంచుతారట కదా, ఏదండీ అని అడిగాడు.

"దానికి కాస్త నీరసంగా ఉందండి, వెనక పడుకుంది" అన్నారు మా బావగారు.

ఆ మాట ఆయనకి ఎవరు నేర్పారో. నేను కాఫీ ట్రేతో అప్పుడే హాల్లోకి వచ్చాను. సుష్మ నా వైపు చూసింది, దానికి అర్థమైపోయింది.

అప్పుడు వెనక నుంచి వినపడింది. రెండు. ఆగి ఒకటి.

గోళ్లతో గీకిన చప్పుడు కాదు. వేళ్ల కణుపులతో చెక్క మీద కొట్టిన చప్పుడు. మళ్లీ వచ్చింది. అబ్బాయి తల్లి అటు తిరిగి, "లోపల ఎవరో ఉన్నట్టున్నారు, తలుపు కొడుతున్నారండి" అంది. అందరూ విన్నారు. నా ఒక్కదాని చెవుల్లో మోగింది కాదు.

ట్రే కింద పెట్టి పరుగెత్తాను. నడుం దగ్గర చూసుకుంటే చెవి లేదు. కుచ్చిళ్లు దులిపాను, వంటిల్లు వెతికాను, మేకు చూశాను. లేదు. ఈలోగా మా ఆయన గునపం తెచ్చి, తాళం ఉన్న కొండీని ఊడబెరికారు.

కరియ గదికి ఆ చివర, తలుపుకి ఎనిమిది అడుగుల దూరంలో, పక్కకి తిరిగి పడుకుని కొట్టుకుంటోంది. కాలు చాచినా తలుపు అందదు. నీళ్లగిన్నె గోడ వైపు జరిపి ఉంది, ఒక చుక్క ఒలకలేదు. ముడుచుకున్న కుడి ముందుకాలి పంజాలో ఆ తాళంచెవి ఉంది.

సుష్మ పట్టుచీరతోనే నేల మీద కూర్చుని పేరు పిలుస్తూ ఉంది. మూడు నిమిషాలకి తగ్గింది. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మా బావగారు ఏదో చెప్పబోతే ఆపేశాను.

"నీరసం కాదండి, మూర్ఛ" అన్నాను. "మా పిన్నికీ ఉండేది. ఈ గదిలోనే పోయింది, మేం తాళం వేస్తే."

ఫోన్ చేస్తామని వెళ్లారు, చేయలేదు. సుష్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు, సంబంధం పోయినందుకు కాదు.

చెవి విషయం నాకు నేను సర్దిచెప్పుకోగలను. గిన్నె పెట్టడానికి వంగినప్పుడు జారిపడి ఉంటుంది. చల్లగా తగిలిందన్నది నా భ్రమే కావచ్చు. కొట్టుకునే కాలి కిందకి అది ఎలాగో వచ్చి ఉంటుంది. గిన్నె కూడా నేనే అటు పెట్టి మర్చిపోయానేమో. కానీ తట్టిన చప్పుడు ఎవరిది? అబ్బాయి తల్లిని వెళ్లేముందు అడిగాను, మీరు విన్నది ఎలా ఉందండీ అని. ఆవిడ కుర్చీ చేతి మీద కొట్టి చూపించింది. రెండు, ఆగి ఒకటి. ఆ గుర్తు గురించి నేను ఆవిడకి అంతకుముందు చెప్పింది లేదు.

మర్నాడే ఆ తలుపుని బందులతో సహా తీయించేశాను. చెవిని కాలువలో పారేశాను. కరియ ఇప్పుడు ఆ గదిలోనే పడుకుంటుంది, దానిష్టం. ఆరింటికి మాత్రలు మామూలే.

ఒక్క మాట మాత్రం రాయకుండా దాటేశాను. చప్పుడు విని నేను పరుగెత్తానని రాశాను కదా, అది పూర్తి నిజం కాదు. మొదటిసారి వినపడినప్పుడు లేవలేదు. రెండోసారి కూడా ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాను, పంతొమ్మిదేళ్లప్పుడు కూర్చున్నట్టే. పక్కన ఉరిమినా వినపడని మా అమ్మ మంచం మీద తలెత్తి, ఆ గది వైపు చూస్తూ అంది.

"ఈసారైనా తియ్యవే."

తట్టింది ఎవరో నాకు తెలియదు. అమ్మకి ఎలా వినపడిందో తెలియదు. ఆ మాటకి అర్థం మాత్రం తెలుసు. ఆ రోజు కాఫీ పోస్తూ నువ్వూ విన్నావా అని ఆవిడని ఇంకా అడగలేదు.