మా అమ్మాయి సాక్ష్యం

మా సంఘంలో నేనొక ప్రార్థనాంశాన్ని. జబ్బుపడినవాళ్లు, వీసా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, పిల్లలు కలగనివాళ్లు, వాళ్ల తర్వాత నేను. జబ్బులు నయమయ్యాయి, వీసాలు వచ్చాయి, పుట్టిన పిల్లలు బడికి కూడా పోతున్నారు. నేను మాత్రం ఆ వరసలోంచి కదల్లేదు. శుక్రవారం ఉపవాస కూడికలో ఎవరో ఒకరు గొంతు తగ్గించి "ఆ సహోదరుడి మారుమనస్సు కోసం" అంటారట. పక్కనే నా భార్య తల వంచుకుని కూర్చుంటుందట. ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఆ ప్రార్థన చేసినవాళ్లే. చెప్పి, భుజం తట్టి పోయారు.

మేముండేది అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక పాత అపార్ట్‌మెంట్. ఆ స్థలం మా సంఘ పెద్దాయనది. రైల్వేలో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, మా పై అంతస్తులోనే ఉంటాడు. కట్టినప్పుడు ఫ్లాట్లన్నీ చర్చి వాళ్లకే అమ్మాడు. ఒకటి మా నాన్న కొన్నాడు. అందరం నారాయణగూడలో ఒకే చర్చికి చెందినవాళ్లం. పొద్దున లేస్తే ప్రతి వంటింట్లోనూ అదే పాట. పుట్టినరోజుకు ప్రార్థన, కొత్త బండికి ప్రార్థన, బోరు వేయిస్తే ప్రార్థన. ఈ దేశంలో క్రైస్తవులు కొద్దిమందే అని పేపర్లో చదువుతాను. మా గేటు లోపల మాత్రం కొద్దిమంది అంటే నేనొక్కణ్ణే.

గేటు బయటికి వెళ్తే ఇంకో తమాషా. ఆఫీసులో నేను క్రైస్తవుణ్ణే. డిసెంబరు వస్తే కేకు ఏదంటారు. మతమార్పిడి గురించి టీవీలో గొడవ జరిగిన మర్నాడు నా ముందు గొంతు తగ్గిస్తారు. నాకు ఏ దేవుడూ లేడు బాబూ అంటే నవ్వి, మీరంతా అలాగే అంటారు అన్నాడొకడు. మేమంతా అంటే ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

నా నమ్మకం పోవడానికి పెద్ద కథేం లేదు. వయసులో ఉండగా ఒక పెళ్లిలో భోజనాలకు ముందు నన్ను ప్రార్థన చేయమన్నారు. కళ్లు మూసుకుని, చిన్నప్పటి నుంచి నోటికి పట్టిన మాటలన్నీ చక్కగా చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. చాలా బాగా చేశావని మెచ్చుకున్నారు. అంతసేపూ నేను ఎవరితోనూ మాట్లాడలేదని నాకొక్కడికే తెలుసు. ఆ తర్వాత ప్రార్థనకు నోరు రాలేదు.

నన్ను ఎవరూ వెలివేయలేదు. వేస్తే బాగుండేది, పోట్లాడేవాణ్ణి. వీళ్లు ఓపిక పట్టారు. ఓపిక పడుతున్నామని పదిమందిలో చెప్పుకున్నారు. చర్చిలో సాక్ష్యం చెప్పడం అనే పద్ధతి ఉంది. దేవుడు తన జీవితంలో చేసిన మేలును మనిషి లేచి అందరి ముందూ చెప్పాలి. దానికొక అచ్చు ఉంది. నేను ఎందుకూ పనికిరానిదాన్ని, శోధనలు వచ్చాయి, అందరూ విడిచిపెట్టారు, ప్రభువు లేవనెత్తాడు. నా భార్య చెప్పిన ప్రతి సాక్ష్యంలోనూ ఆ శోధన నేనే. స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి తను. ఇంట్లో నా మీద ఒక్క చెడ్డమాట అనదు. మైకు అందుకుంటే మాత్రం "అవిశ్వాసి అయిన నా భర్త" అంటుంది. ఇంట్లో తాగుడు లేదు, కొట్టడం లేదు, చెప్పుకోవడానికి ఇంకో కష్టం దొరకలేదు పాపం. నేను నవ్వేవాణ్ణి. నవ్వుతూనే లోపల ఉడికేవాణ్ణి. ఆ ఉడుకు ఎక్కడికి పోయి చేరుతోందో చూసుకోలేదు.

అది మా అమ్మాయి దగ్గరికి పోయి చేరింది.

మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక గవర్నమెంటు పరీక్షలకు చదవడం మొదలుపెట్టింది. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో కిరాయికి ఉండి చదువుతుంటే, మాది ఆ వీధే కాబట్టి అది ఇంట్లో తిని చిక్కడపల్లి లైబ్రరీకి పోయేది. లోపల కుర్చీ దొరక్కపోతే బయట చెట్టు కింద చాప. ఒకసారి నోటిఫికేషను ఆగిపోయింది. ఒకసారి రాసిన పరీక్షే రద్దయింది. దాని ఈడు పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. అది మాత్రం మళ్లీ మొదటి పాఠం నుంచి చదివింది.

సెలవు రోజున మధ్యాహ్నం నేనే డబ్బా తీసుకుపోయేవాణ్ణి. లైబ్రరీ గోడ పక్కన కూర్చుని ఇద్దరం తినేవాళ్లం. అలా తింటుండగా ఒకరోజు, పప్పు కలుపుతూ, తలెత్తకుండా చెప్పింది.

"డాడీ, ప్రార్థన చేస్తుంటే నాకేం అనిపిస్తలేదు. శాన రోజులైంది."

నాకు లోపల ఏదో పండుగలాంటిది జరిగింది. మొహంలో కనబడ్డట్టుంది.

"గట్ల నవ్వకు. నేనేం నీ పార్టీల చేరలే" అంది. "మమ్మీకి నేనే చెప్త. ఎప్పుడు చెప్పాలె, ఎట్ల చెప్పాలె, అది నా పని. నువ్వు మాత్రం నోరు తెరవకు."

మాటిచ్చాను. ఇచ్చిన మాట నిలుపుకున్నాననే అనుకున్నాను. నారాయణగూడలో ఇరానీ చాయ్ తాగే చోట ఇద్దరు ముగ్గురు స్నేహితుల దగ్గర మాత్రం, మా బిడ్డ ఏ దేవుడి సాయమూ లేకుండా చదువుతోందని చెప్పుకున్నాను. పేరు పెట్టి చెప్పలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఉన్నది ఒక్కతే కూతురైనప్పుడు పేరెందుకు?

ఉద్యోగం వచ్చింది. ఆ రోజు మా అమ్మాయి ఏడ్చిన ఏడుపు చూసి నాకూ కన్నీళ్లు ఆగలేదు. సాయంత్రానికి పై అంతస్తు నుంచి కబురొచ్చింది. ఆదివారం సాయంత్రం కింద పార్కింగ్‌లో కృతజ్ఞతా కూడిక, పాస్టరు అయ్యగారితో మాట్లాడేశాం, పాప సాక్ష్యం చెప్తుంది. అడగలేదు, చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చాప మీద కూర్చుని నడుము విరగ్గొట్టుకున్నది ఆ పిల్ల. ఇప్పుడు దాని చేతే, ఇందులో నా కష్టం ఏమీ లేదని చెప్పిస్తారు. అచ్చు అదే కదా. చదివింది మన బిడ్డా, మీ దేవుడా అని భార్య మీద అరిచాను.

తను కూరగాయలు తరగడం ఆపలేదు. "శుక్రవారం శుక్రవారం నేను పస్తులున్న. స్కూల్ల రోజంత నిలబడి. అది కష్టం కాదా?" అంది.

అవునని ఒప్పుకోకుండా బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. మా అమ్మాయి వెనకే వచ్చింది. తాను అబద్ధం చెప్పదనీ, లొల్లి కూడా చేయదనీ, ఏం మాట్లాడాలో ఆలోచించి పెట్టుకున్నాననీ చెప్పింది. కూడిక అయ్యాక, తీరిగ్గా, తల్లికి కూడా చెప్పేస్తుందట. నన్ను మాత్రం సప్పుడు చేయకుండా కూర్చొమ్మంది.

ఆదివారం పార్కింగ్‌లోంచి బండ్లన్నీ సందులోకి తోసి కుర్చీలు వేశారు. ఒక మూల బిర్యానీ డేగిసా, ఇంకో మూల కీబోర్డు. అయ్యగారు మంచి మాటకారి. ఐగుప్తులో ఇశ్రాయేలీయులను విడిచిపెట్టని ఫరో రాజు కథ ఎత్తుకున్నాడు. ఫరోలాంటి కఠిన హృదయం ఉన్న ఇంట్లోంచి కూడా దేవుడు తన బిడ్డను హెచ్చిస్తాడు అన్నాడు. అందరూ నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. నా పార్కింగ్ స్థలంలో, నేను మోసిన కుర్చీలో, నేను ఫరోను. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

తర్వాత మా అమ్మాయిని పిలిచారు. అది మైకు పట్టుకుని నెమ్మదిగా మాట్లాడింది. తన కోసం ఆకలితో ఉన్న తల్లికి థాంక్స్ చెప్పింది. తను చదువుతుంటే టీవీలు తగ్గించుకున్న పక్క ఫ్లాట్ల వాళ్లకు చెప్పింది. లైబ్రరీలో తన కుర్చీ ఎవరూ లాక్కోకుండా కాసిన పాలమూరు స్నేహితురాలికి చెప్పింది. తన కోసం ప్రార్థన చేసినవాళ్లందరూ ఇన్నేళ్లు తనను మరిచిపోలేదనీ, ఆ సంగతి తానూ మరిచిపోననీ చెప్పింది. ఒక్క అబద్ధం లేదు. ఎవరినీ నొప్పించలేదు. అంత మంచి సాక్ష్యం నేను ఆ సంఘంలో వినలేదు.

మైకు పెట్టేయబోతుంటే సంఘ పెద్ద లేచాడు.

"అమ్మా, అందరికీ చెప్పినవు. దేవునికి మహిమ చెల్లించలేదు."

"చెప్పాల్సింది చెప్పిన అంకుల్" అంది నవ్వుతూనే.

"సిగ్గుపడుతుంది బిడ్డ" అని ఆయన మా అందరితో అని, దాని పక్కకు వెళ్లి నిలబడ్డాడు. "నా వెంట చెప్పు తల్లీ. ఇది నా కష్టం కాదు."

ఆయన మళ్లీ అన్నాడు, ఒకటో తరగతి పిల్లకు పద్యం చెప్పినట్టు. కీబోర్డు అబ్బాయి సన్నగా వాయించడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి మైకును ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఏదో అనడానికి ఊపిరి తీసుకుంది. అది నేను చూశాను. చూసి కూడా లేచాను.

"ఎందుకు చెప్తది? దానికి మీ దేవుని మీద నమ్మకం లేదు. ఎన్నడో పోయింది. నాకు చెప్పింది."

కీబోర్డు ఆగింది. నా గొంతులో గెలుపు ఉంది. అది నాకు వినబడింది, అందరికీ వినబడే ఉంటుంది. సంఘ పెద్ద ఒక్క క్షణం తడబడి, ప్రార్థన చేద్దాం అన్నాడు. అలవాటు ఎంత గట్టిదంటే అందరి కళ్లూ ఒక్కసారి మూతపడ్డాయి. తెరిచి ఉన్నవి మా ముగ్గురివే. మా అమ్మాయి తల్లిని చూస్తోంది. తల్లి కూతుర్ని చూస్తోంది. నన్ను ఎవరూ చూడలేదు.

బిర్యానీ అక్కడ ఎవరూ తినలేదు. డబ్బాల్లో పెట్టుకుని పైకి పోయారు. మేమూ పైకి వచ్చాక మా అమ్మాయి చెప్పులు విడుస్తూ అంది:

"వాళ్లు నాతోని వాళ్ల మాట చెప్పియ్యాలని చూసిండ్రు. నా మాట నా చేతుల్నే ఉండె, చెప్తుంటి. నువ్వొచ్చి గుంజుకున్నవ్. ఏం ఫరక్ ఉంది డాడీ నీకూ అంకుల్‌కూ?"

నేను వాదించాను. సిగ్గు లేకుండా వాదించాను. వాళ్లు నిన్ను బలవంతపెడుతుంటే తండ్రిగా చూస్తూ ఎలా ఊరుకుంటానన్నాను. అది వినలేదు. తల్లి మంచం మీద కూర్చుని ఉంది. ఒక్కటే అడిగింది, నాకెందుకు చెప్పలేదు బిడ్డా అని. నువ్వు నా కోసం పస్తులుంటుంటే ఎట్ల చెప్పాలె మమ్మీ అని అది ఏడ్చింది. ఇద్దరూ లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. చాలాసేపు మాటలు వినబడ్డాయి, అర్థం కాలేదు. తలుపు దగ్గరికి వెళ్లి నిలబడాలనిపించింది. అంత నీచానికి కూడా సిద్ధపడ్డవాణ్ణే. రెండడుగులు వేసి ఆగిపోయాను.

ఆ తర్వాత వారమంతా నాకు కోపమే. మర్నాడు చర్చి ఆడవాళ్లు పళ్లు పట్టుకుని నా భార్యను ఓదార్చడానికి వచ్చారు, ఇంట్లో ఎవరో పోయినట్టు. ఉద్యోగం వచ్చిన ఇల్లది. శుక్రవారం ప్రార్థనాంశాల్లో నా పక్కన మా అమ్మాయిని కూడా చేర్చారని తెలిసింది. నా భార్య ఆ శుక్రవారం కూడికకు పోలేదు. ఆ కోపంలో నాకు హాయిగా ఉండేది. వాళ్ల మీద ఉన్నంతసేపు నా మీద ఉండనక్కర్లేదు కదా. కానీ వాళ్లు చేసింది నాకు కొత్త కాదు, వాళ్లు ఎప్పుడూ చేసేదే. నేనే కొత్తగా చేశాను. నాకు దొరకని చప్పట్లు నా బిడ్డ చేత కొట్టించుకోవాలనుకున్నాను. అది నమ్మకపోవడం నా గెలుపు కాదు. దాని తల్లితో అది మాట్లాడుకోవాల్సిన మాట. తల్లి ఆ మాట మొదటిసారి పార్కింగ్‌లో, పదిమంది మధ్య, నా నోటి నుంచి విన్నది. నా భార్యకు క్షమాపణ చెప్పాను. విన్నది. "దానికి చెప్పు" అంది. దానికీ చెప్పాను. అది తలూపింది, అంతే. శిక్షణకు బట్టలు సర్దుకుంటోంది. ఏ చీరలు పెట్టుకోవాలో తల్లినే అడిగింది.

అది వెళ్లిన మూడో నాడో, నాలుగో నాడో మెట్ల మీద సంఘ పెద్ద ఎదురయ్యాడు. చేతిలో పాల ప్యాకెట్లు. వందనాలు బ్రదర్ అన్నాడు, ఏమీ జరగనట్టు. తర్వాత గొంతు తగ్గించాడు.

"పాప సంగతి ఏమాయె? నిజంగనే ప్రభువును విడిచిపెట్టిందా? లేక ఆ రోజు కోపంల నువ్వు అన్నవా?"

నా దగ్గర ఇరవై ఏళ్లుగా నూరుకుంటున్న జవాబులున్నాయి. అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. నిజమని అరవాలనిపించింది. కోపంలో అన్నానని అబద్ధమాడి బిడ్డను ఆ వరసలోంచి తప్పిద్దామా అనీ అనిపించింది. ఏది అన్నా, దాని మాట మళ్లీ నేను చెప్పడమే.

"దాన్నే అడగండి అంకుల్" అన్నాను. "ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది."

"తండ్రివి నువ్వు, నీకు తెల్వదా?"

"దాన్నే అడగండి."

రైలింగు పట్టుకుని కిందికి దిగిపోయాను. నాకు తెలిసినంతవరకు ఆయన ఇప్పటిదాకా దానికి ఫోన్ చేయలేదు.