మా ఒడ్డున లేని ఇసుక

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. ముందు మీకే చెబుతున్నాను, మీరు నా ముఖం చూడలేరు కాబట్టి. పిరికితనమే. కాదంటానా?

నాకు బొమ్మలు వేయడం నేర్పింది రత్నమక్క. మలేసియాలో మా ఊరు బాగన్ దాతుక్‌లో మా పక్కింటి ఆవిడ, కొబ్బరి తోటలో పనిచేసేది. ఆదివారం వస్తే చాలు, ఇద్దరం నా మోటారుసైకిల్ మీద సముద్రం దగ్గరికి పోయేవాళ్లం. ఫ్రాన్సు చిత్రకారులు వేసిన సముద్రం బొమ్మల పుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉండేది. వాళ్లు గాలిలో, చలిలో ఒడ్డున నిలబడి వేశారట. గదిలో కూర్చుని వేస్తే అలకు తడి రాదని అక్క పట్టుదల.

కౌలాలంపూర్‌లో ఒక చిత్రకళా సంఘం పోటీ పెట్టింది. సముద్రం ముందు నిలబడి వేసిన పటమే పంపాలి. గెలిచినవారిని నెల రోజులు ఫ్రాన్సు తీరానికి పంపుతారు. అక్కకు అంతకు మించిన కోరిక లేదు. పడవలు ఆగే చెక్క జెట్టీ మీద మూడు గంటలు నిలబడి ఆమె పటం వేస్తుంటే, చినుకులు పడకుండా గొడుగు పట్టింది నేనే. నా పటం మాత్రం ఫోనులో ఫొటో చూసి ఇంట్లో వేశాను. ఒడ్డున వేసిన పాత ఫ్రెంచి పటాల రంగులో ఇసుక రేణువులు అతుక్కుని ఉంటాయని అక్క పుస్తకంలోనే చదివాను. మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. అక్కడి ఇసుక గుప్పెడు తెచ్చి తడి రంగు మీద చల్లాను.

మా ఒడ్డున ఉన్నదంతా బురద. న్యాయనిర్ణేతలు పట్నం మనుషులు, వాళ్లకది తెలియదు. మమ్మల్నిద్దరినీ కౌలాలంపూర్ పిలిపించారు. భూతద్దం పెట్టి చూస్తే నా పటంలో ఇసుక కనబడింది, అక్క పటంలో ఏమీ లేదు. ఆమె బయట వేయడం చూశావా అని నన్ను విడిగా పిలిచి అడిగారు. గుర్తు లేదన్నాను. ఎందుకన్నాను? ఫ్రాన్సు మీద ఆశ అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి నా చేతికి ఎప్పటికీ రానిది ఆమె చేతిలో ఉందన్న కుళ్లు అంతకంటే పెద్దదని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

బయటికి వచ్చాక అక్క అడిగింది. "నువ్వు నా పక్కనే ఉన్నావు గదరా. ఆళ్లకి ఏటి సెప్పినావు?"

"గుర్తు లేదని సెప్పినానక్కా."

"గొడుగు పట్టినోడివి నువ్వే గదా."

అంతే. గొంతు పెంచలేదు. బస్సులో నా పక్కనే కూర్చుని ఇంటికి వచ్చింది.

నేను ఫ్రాన్సు వెళ్లాను. రోజూ ఒడ్డున నిలబడ్డాను, ఒక్క పటమూ పూర్తి చేయలేకపోయాను. అక్క మళ్లీ బ్రష్ పట్టలేదు. ఇప్పుడు షుగరుతో రెండు కళ్లూ పోయి, సుంగై పెటానిలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. ఆ ఇసుక సంగతి చెబుదామని రెండుసార్లు అక్కడిదాకా పోయి గేటు దగ్గర నుంచే తిరిగొచ్చాను. ఇప్పుడు చెబితే ఆమెకేం ఒరుగుతుంది? చూపున్నప్పుడు చెప్పి ఉంటే ఇంకో పటం వేసేదేమో. ఈ ఆలోచనే నన్ను తినేస్తోంది.

క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. ఆ రోజు వాళ్లు అడిగినదానికి జవాబు మాత్రం ఇన్నాళ్లకు రాస్తున్నాను. చూశాను. అక్క తన పటాన్ని సముద్రం ముందు నిలబడే వేసింది. గదిలో వేసినది నాది.